పట్టాలకు పాతర

నేను హైదరాబాదుకు బదిలీ అడిగాను. హైదరాబాదు వెళ్ళే లైనుకే వేశారు. తీరా దిగాక తెలిసింది, అది సింధులో ఉన్న హైదరాబాదు అని. అడిగింది అక్షరాలా ఇచ్చారు కాబట్టి ఫిర్యాదు చేసుకోవడానికి కూడా వీల్లేదు. అలా గోదావరి నీళ్ళు తాగి పెరిగిన నేను ఖారా బేరా స్టేషన్ మాస్టర్‌నై, థార్‌లో ఇసుక తింటూ స్థిరపడిపోయాను. 'ఎడారి'లో 'దారి' ఉంది కదా అని మొదట్లో ధైర్యం చెప్పుకున్నాను. ఉన్నది ఒకటే దారి. అది రైలుది. దాన్ని కూడా గాలి రోజూ ఇసుకతో కప్పెట్టేది. ఇసుకకూ విసుగుకూ అక్షరాల్లో కొంచెమే తేడా, అర్థంలో అదీ లేదు.

ఖారా బేరా అంటే ఉప్పు బావి. లైను చివర, సరిహద్దును ఆనుకుని మీఠాసర్ ఉంది, అంటే తీపి చెరువు. మా ఉప్పు బావిలో ఉప్పు నిజమే. వాళ్ళ తీపి చెరువులో తీపీ లేదు, చెరువూ లేదు. అక్కడివాళ్ళు తాగే ప్రతి చుక్కా ట్యాంకుల్లో నీళ్ళబండి మోసుకెళ్ళాల్సిందే. ఆ బండి రాకపోతే మీఠాసర్‌లో నీళ్ళు నమలడానికి కూడా నీళ్ళుండవు.

ఆ బండికి దారిచ్చేవాడు హర్ఖా రామ్. మా గ్యాంగుకు మేట్, అంటే పెద్ద. సిగ్నల్ స్తంభానికి తలపాగా చుట్టినట్టుండేవాడు. తెల్లవారగానే మనుషుల్ని వెంటేసుకుని పారలతో బయల్దేరి, రాత్రి గాలి పట్టాల మీద పోసిన ఇసుకను ఎత్తి అవతల పోసేవాడు. మర్నాటికి గాలి మళ్ళీ పోసేది. హర్ఖా మళ్ళీ ఎత్తేవాడు. అతనికి బడి పట్టాలు లేవు గానీ, ఈ పట్టాల మీద సర్వహక్కులూ తనవేనన్నట్టు ఉండేవాడు. ఎవరైనా పట్టా మీద కాలు పెట్టి చెప్పులో ఇసుక దులుపుకుంటే, ఇంట్లోకి చెప్పులతో వచ్చినట్టు చూసేవాడు.

అరవై ఐదులో యుద్ధం వచ్చింది. మా లైను సరిహద్దు పక్కనే, అవతలి ఒంటె మెడ చాస్తే ఇవతలి సిగ్నల్ వాసన చూసేంత దగ్గరగా పోతుంది. సరిహద్దు అన్న మాటలో సరీ ఉంది, హద్దూ ఉంది. ఇసుకలో మాత్రం రెండూ కనబడవు. ఒక తెల్లవారుజామున అవతలివాళ్ళు ఒంటెల మీద వచ్చి, మాకు తూర్పున ఒక కల్వర్టు పేల్చి వెళ్ళిపోయారు. గూడ్సు పెట్టెలు నాలుగు బోర్లాపడ్డాయి. స్లీపర్లు పేర్చి దాన్ని తాత్కాలికంగా నిలబెట్టారు. ఆ వెనకే లైను కాపలాకని కెప్టెన్ నేగీ తన జవాన్లతో మా స్టేషన్‌లో దిగాడు. గఢ్వాల్ కొండల మనిషి. ఇసుకలో నడుస్తుంటే ప్రతి అడుగులోనూ కొండ దిగుతున్నవాడిలా వెనక్కి వంగేవాడు.

మీఠాసర్ నుంచి తీగ మీద కబురొచ్చిన పొద్దున అందరం స్టేషన్ వరండాలో ఉన్నాం. కబురు చిన్నది. నీళ్ళు రేపటితో సరి. ఆ ఊళ్ళోనే హర్ఖా కూతురు ధాపూ ఉంది. అల్లుడు అక్కడ పాయింట్స్‌మన్. ధాపూ ఈమధ్యే బిడ్డను కన్నది.

"ధాపూకి ఎంతిస్తున్నారట?" అన్నాడు హర్ఖా.

"బాలింత కాబట్టి అందరికన్నా ఒక గ్లాసు ఎక్కువ" అన్నాను.

హర్ఖా భార్య పేమీ మజ్జిగ కుండ దించి, కొంగు కిందనుంచి అంది. "గ్లాసు నీళ్ళు తాగితే పాలెక్కణ్ణుంచి పడతాయి, మాస్టర్‌సా? ఇసుక పిండుకుంటుందా?"

"నీళ్ళబండి రేపు మధ్యాహ్నం ఇక్కడికొస్తుంది, పేమీబాయీ. సాయంత్రానికల్లా అక్కడుంటుంది."

"లైనుంటే" అన్నాడు కెప్టెన్ నేగీ.

అందరం అతని వైపు చూశాం. అతను వరండా నేల మీద అగ్గిపుల్లలు వరసగా పేర్చాడు. "ఇదీ మీ లైను. ఎంత పొడుగో అంత బలహీనం. నా మనుషుల్ని పొడుగునా నిలబెడితే ఒకడు అరిస్తే ఇంకొకడికి వినబడదు. ఒకేచోట నిలబెడితే మిగతా లైనంతా వాళ్ళకి రాసిచ్చినట్టే. నా వేగులవాళ్ళు నిన్న చూసొచ్చారు. వాళ్ళు అవతల దిగి ఉన్నారు. రేపు తెల్లారేసరికి వస్తారు. ఎక్కడికో కూడా చెప్పగలను." ఒక అగ్గిపుల్ల ఎత్తి విరిచాడు. "డోకరీ దగ్గరికి."

డోకరీ అంటే మాకందరికీ తెలుసు. డోకరీ అంటే ముసలమ్మ. మా సెక్షన్‌లో అన్నిటికన్నా పెద్ద దిబ్బ. ఊళ్ళో ముసలమ్మలు మూలన కూర్చుంటారు గానీ ఈ ముసలమ్మ నడుస్తుంది. ఏటేటా గాలి తోసుకుంటూ కొంచెం కొంచెం తూర్పుకు జరుగుతుంది. ఒకప్పుడు సరాసరి లైను మీదే కూర్చుంది. ఎంత తవ్వినా లేవలేదు. చివరికి రైల్వేవాళ్ళే దండం పెట్టి, ఆవిడకు తూర్పు పక్కగా చుట్టు తిప్పి కొత్త లైను వేశారు. టెలిగ్రాఫ్ స్తంభాలు మాత్రం పాత దారినే ఉండిపోయాయి. పట్టాలవాళ్ళకూ స్తంభాలవాళ్ళకూ అప్పట్లో మాటల్లేవు. తరవాత ముసలమ్మ ఇంకొంచెం జరిగేసరికి, ఆవిడ వెనక, అంటే సరిహద్దు వైపు, పాత పట్టాలు తుప్పుపట్టి బయటికి తేలాయి. మేం రోజూ వాటి పక్కనుంచే నడిచేవాళ్ళం. ఇంట్లో పాత మంచంలాగ, ఉందన్న సంగతే మరిచిపోయి.

"అక్కడ పేలిస్తే ఆ ఇసుకలో లైను మళ్ళీ వెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగాడు కెప్టెన్.

"మా ధాపూ ఆగలేనన్ని రోజులు" అన్నాడు హర్ఖా.

పేమీ అందరికీ మజ్జిగ పోస్తూ, కుండతో మాట్లాడుతున్నట్టుగా అంది. "కరువొచ్చి ఊరొదిలి వెళ్ళేటప్పుడు మనమేం చేస్తాం? గింజల కుండని ఇసుకలో పాతిపెడతాం. ఖాళీ కుండని పొయ్యి పక్కన మూత పెట్టి, పైన రాయి పెట్టి ఉంచుతాం. దొంగొచ్చి రాయి తీసి, మూత తీసి, కుండ పగలగొట్టి, తిట్టుకుని పోతాడు."

"ఇప్పుడా కుండల గొడవెందుకే?" అన్నాడు హర్ఖా.

"నీకు కుండలో ఏముందో ఎప్పుడు తెలిసింది గనక? డోకరీ వెనక ఖాళీ కుండ పడి ఉంది కదా అంటున్నా."

కెప్టెన్ నేగీ చేతిలో మజ్జిగ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. ఆ తరవాత అతను నవ్విన నవ్వు చూసి, స్టేషన్ కుక్క లేచి నిలబడింది.

లెక్క తేలిగ్గానే కుదిరింది. కొత్త లైను చాలావరకు ముసలమ్మ చాటునే ఉంది. దిబ్బ రెండు కొసల దగ్గర మాత్రమే పడమటి వైపుకు కనబడుతుంది. ఆ రెండుచోట్లా దాన్ని పాతిపెట్టాలి. పాత పట్టాలను పైకి తేల్చి, తోమి, రెండు కొసలా అసలు లైనుకు అతికినట్టు నాలుగు పట్టాలు ఊరికే పరిచి, రైళ్ళు తిరిగే దారిలా ముస్తాబు చెయ్యాలి. స్తంభాలు ఎలాగూ అటే ఉన్నాయి. వచ్చేవాళ్ళు వాటినే పట్టుకుని వస్తారు. వాళ్ళు పేల్చి వెళ్ళాక, బండి వచ్చేలోపు కొత్త లైను తవ్వి తీయాలి. వాళ్ళు మందుపాతర పెట్టేలోగా మేం ముందు పాతర పెట్టాలన్నమాట.

అందరికీ కుదిరింది, హర్ఖాకు తప్ప.

"నా చేత్తో పట్టాల మీద ఇసుక పొయ్యాలా?" అన్నాడు. "మాస్టర్‌సా, మీరు చదువుకున్నారు, మీరైనా చెప్పండి. వంటవాణ్ణి పిలిచి అన్నంలో మట్టి కలపమన్నట్టుంది."

"నువ్వు తీసిన ఇసుకే కదయ్యా. దాని ఇంటికి దాన్ని పంపుతున్నావు."

"పంపుతా. మళ్ళీ రమ్మంటే వస్తుందా? రేపు గాలి లేచిందంటే డోకరీ తన కొంగంతా తెచ్చి లైను మీద పరుస్తుంది. శత్రువు పేలిస్తే శత్రువు ఆపాడంటారు. ఇసుక ఆపితే నేనాపినట్టు. నా బిడ్డకి నీళ్ళు నేనాపినట్టు."

"గాలి లేవదులే" అంది పేమీ.

"నువ్వు చెబితే వింటుందా గాలి?"

"నువ్వు వినట్లా ఇన్నేళ్ళూ?"

గ్యాంగంతా నవ్వింది. హర్ఖా నవ్వలేదు. లేచి పార తీసుకుని, తలపాగా బిగించి, డోకరీ వైపు నడిచాడు. అదే ఒప్పుకోవడం.

ఆ రోజంతా మేం చేసిన పని ఏ రైల్వే చరిత్రలోనూ ఉండదు. నిక్షేపంలాంటి లైనును పూడ్చాం, నిక్షేపంగా పూడ్చిన లైనును తవ్వాం. పాత పట్టాల తుప్పు చూస్తే ఏ గుడ్డివాడికైనా బండి తిరగని దారని తెలిసిపోతుంది. తిరిగే పట్టా తల వెండిలా మెరవాలి. నీళ్ళు లేని ఊళ్ళో ఆ ముసలి పట్టాలకు ఆవనూనెతో, ఇటుక పొడితో, ఇసుకతో తలంటు పోశాం. జవాన్లు తుపాకులు తోమే చేత్తోనే పట్టాలు తోమారు. ఇంజను బూడిద గోతిలోంచి బొగ్గు చిట్టెం గంపలతో తెచ్చి జల్లాం. అప్పుడు గ్యాంగులో అందరికన్నా పెద్దవాడు గుమానా కాకా నడుం మీద చెయ్యేసుకుని చూసి, "అన్నీ ఉన్నాయి గానీ, ప్రయాణికులు వదిలిపెట్టేది లేదు. అది లేనిదే మన దేశంలో రైలు పోయిందంటే ఎవడు నమ్ముతాడు?" అన్నాడు. ఆ సాక్ష్యం ఎలా తెచ్చామో, ఎవరు తెచ్చారో అడక్కండి. సైన్యం ఈ విషయంలో కూడా వెనకాడలేదు.

కొత్త లైను పూడ్చిన చోట మా అడుగులే అడుగులు. వచ్చేవాళ్ళ వెంట పగీ ఉంటాడని, అంటే జాడలు చదివేవాడు ఉంటాడని, అందరికీ తెలుసు. పేమీ తన మేకల మందను ఆ మీదుగా అటూ ఇటూ తోలింది. మనుషుల సంతకాల మీద మేకలు వేలిముద్రలు వేసి వెళ్ళాయి.

తెల్లవారేటప్పటికి డోకరీ కొసన ఫోగ్ పొదల చాటున బోర్లా పడుకుని ఉన్నాం. కెప్టెన్, జవాన్లు, హర్ఖా, నేను. సూర్యుడు ఇంకా పూర్తిగా లేవలేదు, గాలి అసలే లేవలేదు. పడమటి దిబ్బ మీద ఒంటె తల ఒకటి కనబడింది. దాని వెనక ఇంకొన్ని. ఒంటరిగా వచ్చే ఒంటె కాదని, ఎక్కినవాళ్ళ ఒంటి మీద బట్టలు చూస్తేనే తెలిసిపోయింది.

"వాళ్ళని కాలుస్తారా సాబ్?" అన్నాను గుసగుసగా.

"కాలిస్తే రేపు ఇంకొకళ్ళొస్తారు" అన్నాడు నేగీ. "గెలిచామనుకుని ఇంటికెళితే ఎవరూ రారు. వాళ్ళని గెలిపించి పంపుదాం."

సరిగ్గా అప్పుడే మా వెనక, దిబ్బ కొస దగ్గర, పార చప్పుడు వినబడింది. చర్, చర్, చర్.

తిరిగి చూస్తే గుమానా కాకా. పూడ్చిపెట్టిన కొత్త లైను మీద నిలబడి ఇసుక ఎత్తి పోస్తున్నాడు. రాత్రి గ్యాంగు గుడిసెలో పడుకున్నాడు. తెల్లారింది, లేచాడు, పార తీశాడు, వచ్చాడు. జన్మంతా పొద్దున్నే చేసే పని అది. కళ్ళు తెరిచాడే గానీ నిద్ర లేవలేదు. కళ్ళూ సరిగా తెరవలేదేమో. అప్పటికే జానెడు పట్టా బయటపడి, తొలి ఎండకు తళుక్కుమంది.

పడమటి దిబ్బ మీద ఒంటెలు ఆగాయి. ఒకడు చెయ్యి చాపి ముసలాయన్ని చూపించాడు.

నేగీ తుపాకీ మీద వేలు బిగించాడు. హర్ఖా మాత్రం పార అందుకున్నాడు. దాక్కున్నవాడు లేస్తే తెలిసిపోతుందని పొదలోంచి కాస్త వెనక్కి పాకి, దిబ్బ వెనకనుంచి పార భుజాన వేసుకుని, కూనిరాగం తీస్తూ, రోజూ పనికి వచ్చేవాడిలా వచ్చాడు. కాకా దగ్గరికి రాగానే ఎడారి అంతా వినబడేటట్టు మొదలుపెట్టాడు.

"ఏం కాకా, ఇంత ఎడారిలో నీకు ఇక్కడే వచ్చిందా? దిబ్బ వెనక్కి వెళ్ళి కూర్చోవచ్చు కదా? పైగా పిల్లిలా పారతో కప్పెడుతున్నావా? లైను అటుంటే నువ్విక్కడ నీ సొంత దిబ్బ కడుతున్నావా?"

గుమానా కాకా బిత్తరపోయాడు. "నేనెక్కడ కూర్చున్నాను? నేను లైను..."

"కూర్చోకపోతే నిలబడే కానిచ్చావా? కప్పెట్టు, కప్పెట్టు, తొందరగా. కంపు." హర్ఖా తన పారతో రెండు పెళ్ళలు ఇసుక ఆ మెరుపు మీద పోసేశాడు. జన్మలో మొదటిసారి, పగటి వెలుగులో, అందరూ చూస్తుండగా, మనస్ఫూర్తిగా పట్టా మీద ఇసుక పోశాడు. తరవాత కాకా చెయ్యి పట్టుకుని, తిడుతూనే, పాత లైను వైపు లాక్కెళ్ళాడు. అక్కడ ఇద్దరూ నిలబడి పాత పట్టాల మీది ఇసుక ఎత్తడం మొదలుపెట్టారు. తుపాకులకు వీపు చూపించి.

పడమటి దిబ్బ మీద ఎవరో నవ్వారు. ఆ నవ్వు వినబడగానే నేను మళ్ళీ ఊపిరి పీల్చాను.

వాళ్ళు దిగి వచ్చారు. ముందు ఒంటె మీదున్న నాయకుడు గుబురు మీసాలవాడు. మాటతీరు మా వైపుదే. సరిహద్దు మనుషుల మధ్యన ఉంది గానీ మాటల మధ్యన లేదు.

"రామ్ రామ్ చాచా. పొద్దున్నే పనిలో పడ్డట్టున్నారు" అన్నాడు.

"సలాం సాబ్. గాలి సెలవు పెడితే మేమూ పెడతాం."

"యుద్ధం జరుగుతోంది, తెలీదా?"

"ఇసుకతోనా? మా తాతల కాలం నుంచి జరుగుతోంది. ఇంకా ఎవరూ గెలవలేదు."

నాయకుడు నవ్వాడు. వెనకనుంచి ఒక ఎండిపోయిన ముసలి పగీ దిగి, పట్టా పక్కన గొంతుక్కూర్చున్నాడు. పట్టా తల మీద వేలు రాసి చూశాడు. బొగ్గు చిట్టెం చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. మా సైన్యం సాక్ష్యం దగ్గరికి వచ్చి ముక్కు మూసుకుని అవతలికి జరిగాడు. నేగీ మొహం ఇసుకలో దాచుకున్నాడు. నవ్వో భయమో నాకు తెలీదు.

"చమురు చుక్క లేదేం?" అన్నాడు పగీ. "ఇంజను పోయిన దారిలో చమురు కారాలి కదా."

నా గుండె ఒక స్టేషన్ వెనక్కి వెళ్ళింది.

హర్ఖా పార మీద గడ్డం ఆనించి అతన్ని జాలిగా చూశాడు. "మీ ఇంజన్లకి ఇంకా చమురు పోస్తున్నారా? అదృష్టవంతులు. మాకు డ్రైవరు మీసానికి రాసుకోవడానికి కూడా ఇవ్వడంలేదు."

పగీ తన నాయకుడి మీసం వైపు చూశాడు. నాయకుడు మీసం సవరించుకున్నాడు. "మన దగ్గర కూడా అంతే" అని పగీ గొణిగి లేచాడు. "ఇదే లైను, సాబ్. స్తంభాలూ దీని పక్కనే ఉన్నాయి."

ఆ తరవాత వాళ్ళు తమ పని చేశారు. చాలా శ్రద్ధగా చేశారు. ఒకచోట కాదు, పొడుగునా అనేకచోట్ల మందు పెట్టారు. నాయకుడు కాకానూ హర్ఖానూ దూరంగా పంపించి, చెవులు మూసుకోమని కూడా చెప్పాడు. అవతలి దిబ్బ ఎక్కాక మీట నొక్కారు.

డోకరీ అదిరింది. పాత పట్టాలు ఆకాశంలోకి లేచి, మెలికలు తిరిగి, జంతికల్లా కిందపడ్డాయి. స్తంభాలు రెండు ఒకదాని మీద ఒకటి ఒరిగి, ఎన్నాళ్ళకో మాట కలిపినట్టు నిలబడ్డాయి. ఇసుక వానలా కురిసింది.

"చాచా, నీ రైలుకి ఫాతిహా చదివి పాతరేశాం" అని దిబ్బ మీదనుంచి నాయకుడు అరిచాడు. "ఇంటికెళ్ళి పడుకో."

హర్ఖా తల పట్టుకుని కూలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఒంటెలు దిబ్బ దాటి కనుమరుగైనా అలాగే ఉన్నాడు. నేగీ పొదలోంచి లేచి, "ఏం నటన, ఏం నటన" అంటూ చప్పట్లు కొట్టబోయాడు. మేకలతో వచ్చిన పేమీ అతన్ని ఆపింది.

"నటన కాదు సాబ్. ఆ పట్టాలు ఆయన వేసినవే, అప్పటికి ఆయనకి మీసం కూడా రాలేదు."

హర్ఖా కళ్ళు తుడుచుకుని లేచాడు. అప్పుడే అతని తలపాగా కొస కదిలింది. మేకల చెవులు కదిలాయి. గాలి లేచింది.

గాలి లేస్తే మా దగ్గర ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఊరు ఊరంతా పారలతో వచ్చింది. పార లేనివాళ్ళు తట్టలతో, తట్టల్లేనివాళ్ళు చేతులతో. పారిపోయేవాడు ఒక్కడు లేడు, పార పోయినవాడూ ఆగలేదు. జవాన్లు చొక్కాలు విప్పి దిగారు. కెప్టెన్ నేగీ కొండలెక్కే పద్ధతిలో ఇసుక తవ్వితే, అతను తవ్వినదంతా వెనక నా మీదే పడింది. తొలికొస తొందరగానే తేలింది. మలికొస దగ్గర మాత్రం మేమొక పార తీస్తే గాలి రెండు పారలు పోస్తోంది. డోకరీ శిఖరం మీదనుంచి ఇసుక పొగలా లేచి, నేరుగా పట్టాల మీదికే దిగుతోంది. మాకు ఊపిరాడటం లేదు. పట్టా ఇలా మెరిసి అలా మాయమవుతోంది.

"ముళ్ళకంచె" అన్నాడు హర్ఖా. "గాలికి అడ్డం కావాలి."

"ముళ్ళు కొట్టుకొచ్చే టైముందా?" అన్నాను.

తూర్పున, ఇంకా చాలా దూరాన, ఇంజను పొగ సన్నగా కనబడింది.

పేమీ తట్ట కింద పడేసింది. తల మీది ఓఢనీ కొస పట్టుకుని ఒక్కసారి లాగింది. నేనా ఊళ్ళో ఉన్నన్నాళ్ళలో ఆవిడ మొహం చూసింది అదే మొదలు. గుమానా కాకా ఆవిడకు మామ వరస. ఆయన ఎదుట ఆ ఓఢనీ గడ్డం దాటి పైకి లేచి ఎరగదు. ఆవిడ ఒక పారను ఇసుకలో గుచ్చి, దాని పిడికి ఓఢనీ కట్టి, రెండో కొస పట్టుకుని గాలికి అడ్డంగా నిలబడింది. "చూస్తారేంటే? విప్పండి" అంది ఆడవాళ్ళతో.

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. తరవాత ఒక్కొక్కటే ఓఢనీలు లేచాయి. ఎరుపు, పసుపు, నీలం, అద్దాల కుట్టువి, చుక్కలవి. మలికొస పొడుగునా ఓఢనీల గోడ లేచింది. గాలి వచ్చి ఆ గోడను కొట్టి, ఉబ్బించి, ఇసుకను అవతలే జారవిడిచింది.

మగవాళ్ళంతా తల తిప్పుకుని తవ్వుతున్నారు. గుమానా కాకా కళ్ళు గట్టిగా మూసుకుని పార వేస్తున్నాడు. "నాకు కళ్ళల్లో ఇసుక పడింది" అని అందరికీ వినబడేలా చెప్పుకున్నాడు. "నేనేం చూడలేదు. నాకేం కనబడదు. పట్టా ఎక్కడుందో ఎవరైనా చెప్పండి."

"నీ కాలి కింద, మామా" అంది పేమీ. ఆవిడ మామతో నేరుగా మాట్లాడటం కూడా అదే మొదలు.

కాకా పార వేశాడు. ఠంగుమంది. ఆ చప్పుడు లైను పొడుగునా పాకింది. ఠంగు, ఠంగు, ఠంగు. పట్టా వెనక పట్టా బయటపడి ఎండకు మెరిసింది. హర్ఖా పట్టాలకు చెవి ఆనించి, వంగి, కొలిచి, ఒక్కొక్క జాయింటునూ కాలితో తన్ని చూసుకుంటూ చివరిదాకా నడిచాడు. అక్కడ నిలబడి చెయ్యి ఎత్తాడు.

నీళ్ళబండి మెల్లగా వచ్చింది. డ్రైవరు తల బయటపెట్టి, ఓఢనీల గోడ చూసి, ఏం పండగో అర్థంకాక విజిల్ పొడుగ్గా ఊదాడు. ఇంజను దాటింది. ట్యాంకులు ఒక్కొక్కటే, లోపల నీళ్ళు తొణికే చప్పుడుతో, మా ఎదుటనుంచి వెళ్ళాయి. మా కళ్ళు కూడా కొంచెం తొణికాయి. ఇసుక మీద నెపం పెట్టాం.

నేగీ జవాను ఒకడు భుజాన ట్రాన్సిస్టర్ వేలాడదీసుకుని ఉన్నాడు. దాంట్లో అవతలి రేడియో వార్తలు చదువుతోంది. ఖారా బేరా దగ్గర శత్రువు రైలు మార్గాన్ని తమ వీరులు సమూలంగా ధ్వంసం చేశారనీ, ఇక ఆ దారిన ఒక్క చక్రం కూడా కదలదనీ చెబుతోంది. చివరి ట్యాంకు చక్రాలు ఆ మాటల మీదుగా గడగడమంటూ వెళ్ళాయి.

"ఇంకొంచెం గట్టిగా పెట్టరా" అన్నాడు నేగీ. "చక్రాలకి వినబడటం లేదు."

అంతమందిమీ ఇసుకలో కూలబడి నవ్వాం. తవ్వి తవ్వి నవ్వాం, నవ్వి నవ్వి తవ్వినవాళ్ళలా అలిసిపోయాం. అప్పటికే గార్డు పెట్టె మెట్టు మీద హర్ఖా, పేమీ వేలాడుతున్నారు. స్టేషన్ సంగతి కాకాకు అప్పగించి నేనూ పరుగెత్తి ఎక్కాను.

పొద్దు వాలుతుండగా మీఠాసర్ చేరాం. ప్లాట్‌ఫారం మీద కడవలు, బిందెలు, డబ్బాలు, హెల్మెట్లు కూడా వరసలో ఉన్నాయి. మనుషులు మాత్రం వరసలో లేరు, పక్కకు తప్పుకుని దారి ఇచ్చి ఉన్నారు. ఆ దారిలో ధాపూ వచ్చింది. చిక్కిపోయింది. చేతుల్లో బిడ్డ. చుట్టూ ఆడవాళ్ళు, ఒకామె చేతిలో పళ్ళెం, అందులో పసుపు, కుంకుమ, నానిన సజ్జలు.

"జల్వా పూజ ఆగిపోయింది బాబోసా" అంది తండ్రితో. కాన్పయిన పిల్ల బావి దగ్గరికి వెళ్ళి నీటికి మొక్కి, కడవ నింపుకుని ఇంటికి వస్తేనే పురుడు తీరినట్టు. అప్పటిదాకా అది ఇంటి పని ముట్టకూడదు, గడప దాటకూడదు. ఇన్నాళ్ళూ నీళ్ళే లేని ఊళ్ళో బావి ఎక్కడిది?

"ఇప్పుడుంది" అంది పేమీ.

ధాపూ బిడ్డను హర్ఖా చేతుల్లో పెట్టింది. మొదటి ట్యాంకు ముందుకు వెళ్ళి, ఇనుప వొంటి మీద పసుపుతో సాతియా, అంటే స్వస్తిక్ గుర్తు వేసి, కుంకుమ అద్ది, సజ్జలు చల్లి, చేతులు జోడించింది. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు.

డ్రైవరు ఇంజను దిగి వచ్చాడు. "బాయీ, ఇది ట్యాంకు, బావి కాదు. దీన్ని ఖాళీ చేసి నేను రాత్రికి వెనక్కి వెళ్ళాలి."

"నీళ్ళు నువ్వే తెచ్చావు కదా. నీ బావికి నువ్వే పూజారివి" అంది ధాపూ. "కొళాయి తిప్పు, పంతులూ."

పంతులు కొళాయి తిప్పాడు. నీళ్ళు కడవలో పడ్డ చప్పుడుకు ఒక్క క్షణం పాట ఆగింది. తరవాత రెట్టింపు గొంతుతో లేచింది. ధాపూ నిండు కడవ నెత్తిన పెట్టుకుని, చెయ్యి ఆనించకుండా, ఊరివైపు నడిచింది. వెనక ఊరంతా నడిచింది. జవాన్లు కూడా నడిచారు, పాట రాకపోయినా పెదవులాడిస్తూ.

ట్యాంకులన్నీ ఖాళీ అయ్యేసరికి చీకటి పడబోతోంది. హర్ఖా ఒక చేత్తో మనవణ్ణి గుండెకు ఆనించుకుని, రెండో చేత్తో పచ్చ జెండా ఊపాడు. పసుపు సాతియాతో తళతళలాడుతున్న ఖాళీ ట్యాంకును వెంటేసుకుని, బండి మళ్ళీ నీళ్ళకు బయల్దేరింది.